ఇచ్చోడ రాళ్ల మధ్య ఒక చెరువు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పని ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పడానికి నామోషీగా ఉండేది. రాళ్లు కడుగుతాను. అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు. కరీంనగర్‌లో జంతుశాస్త్రం చదివిన ఆడపిల్లకు సర్కారు కొలువు వచ్చిందని మా బాపు వాడకట్టంతా చెప్పుకుని మురిసిపోతుంటే, నేను ఆదిలాబాద్‌లో భూగర్భ శాఖ వాళ్ల పెంకుటింటి ఆఫీసులో కూర్చుని రాళ్లు చితగ్గొట్టి, సోడా నీళ్లలో ఉడకబెట్టి, సన్న జల్లెడలో కడిగి, మిగిలిన ఇసుకను సూక్ష్మదర్శిని కింద పోసి సన్న కుంచెతో ఏరుకుంటూ ఉండేదాన్ని.

సెలవుకు ఇంటికి పోయినప్పుడు మా అవ్వ అడిగింది. "అందరు బియ్యంల రాళ్లేరుతరు. నువ్వు రాళ్లల్ల ఏమేరుతున్నవే?"

అవ్వకు చెప్పిందే మీకూ చెబుతాను. నేను ఏరేది గవ్వలు. పిల్లలు ఆడుకునే గవ్వలు కావు, చాలావరకు నువ్వుగింజలో సగం కూడా ఉండవు. శాస్త్రంలో వాటిని ఆస్ట్రకాడ్లు అంటారు. రొయ్యకూ పీతకూ దూరపు చుట్టాలు. ఒక మెత్తని జీవి, దానికి అటొకటి ఇటొకటి రెండు డిప్పలు, వీపు మీద తలుపు బందులాంటి అతుకు. భయమేస్తే కాళ్లు లోపలికి లాక్కుని డిప్పలు మూసేసుకుంటుంది. ఒళ్లు పెరిగినప్పుడల్లా పాత డిప్పలు వదిలేసి కొత్తవి తొడుక్కుంటుంది. వదిలేసినవి అడుగున బురదలో పడి, ఆ బురద ఏనాటికో రాయిగా మారితే దానితో పాటు అవీ రాయిలో ఉండిపోతాయి. ఉప్పునీటి రకాలు వేరు, మంచినీటి రకాలు వేరు. అందుకని రాతిలో ఏ రకం ఉందో చూసి, ఆ రాయి పుట్టిన కాలంలో అక్కడ సముద్రం ఉండేదా చెరువు ఉండేదా అని చెప్పవచ్చు. భూమి లోపల చమురు వెతికేవాళ్లు కూడా ఇలాంటి గవ్వలను అడిగే ముందుకు పోతారు.

ఇదంతా నాకు నేర్పింది మా సారు. డెబ్బైల నడుమ ఆ ఆఫీసుకు ఆయనే పెద్ద. ఆదిలాబాద్ మనిషే, నలభై అయిదు దాటిన బ్రహ్మచారి. పత్తి మార్కెట్ వెనుక వీధిలో ముసలి తల్లితో ఉండేవారు. ఆమెది మహారాష్ట్ర పుట్టిల్లు. ఆయన ఆమెను "ఆయీ" అని పిలిచేవారు. నేనూ అదే పిలుపు పట్టుకున్నాను. నేను అద్దెకున్న గది వాళ్లింటి పక్క వాకిట్లోనే. పొద్దున జొన్నరొట్టె, సాయంత్రం చాయ్ ఆయి చేతివే.

ఆదిలాబాద్ దగ్గరి ఇచ్చోడ చుట్టుపక్కల నేలంతా నల్లరాయి. ఒకప్పుడు భూమి పగిలి పొంగిన లావా చల్లారి రాయైంది. ఒకసారి కాదు, ఎన్నోసార్లు పొంగింది, రొట్టె మీద రొట్టె పేర్చినట్టు. ఒకచోట రెండు నల్లరాళ్ల పొరల నడుమ సున్నం లాంటి తెల్లరాయి పొర ఒకటి బయటపడి ఉండేది. మనిషి ఎత్తు కూడా లేదు. దాన్ని చూస్తే సారుకు మాట మారిపోయేది.

"సూడమ్మా, కింది లావా చల్లారింది. మల్ల పొంగేదాక మస్తు కాలం ఖాళీ. గా నడుమల వానలు పడ్డయి. గుంతల్ల నీళ్లు నిలిచినయి. చెట్లు మొలిచినయి. ఇక్కడ చెరువుండె. మనం నిలబడ్డ కాడనే."

ఆయన అలా అంటుంటే నాకు కాళ్ల కింద నేల మెత్తబడినట్టు ఉండేది. చుట్టూ టేకు చెట్లు ఆకులు రాల్చి నిలబడి ఉంటాయి, ఎండ రాళ్ల మీద మిలమిలలాడుతూ ఉంటుంది, నాకు మాత్రం చెవుల్లో నీళ్ల చప్పుడు. ఎవరూ దిగి తాగని నీళ్లు. కోట్ల ఏళ్ల కిందటి గాలికి చిన్నగా కదిలే నీళ్లు. ఒక్కోసారి ఆఫీసులో మధ్యాహ్నం పూట సూక్ష్మదర్శినిలో కన్నుపెట్టి చాలాసేపు ఉండి తల ఎత్తితే, నేను ఆదిలాబాద్‌లో ఉన్నానా ఆ చెరువు అడుగున ఉన్నానా అని క్షణంపాటు తెలిసేది కాదు. కిటికీలోంచి జిన్నింగు మిల్లు దూది పోగులు తేలుతూ వచ్చేవి, నీళ్లలో తేలినట్టే.

కానీ హైదరాబాద్‌లో ఒక ప్రొఫెసర్ ఉండేవారు. ఈ రంగంలో పెద్ద పేరు. ఆయన మాట వేరు. ఆ తెల్లరాయి చెరువుది కాదు, పడమటి నుంచి ఒక సముద్రపు పాయ అక్కడిదాకా వచ్చింది, ఇది దాని అడుగు మట్టి అని ఆయన నమ్మకం. ఆయన నమ్మితే పుస్తకాలు కూడా నమ్మేవి. మా సారు ఒక శాస్త్ర పత్రికకు రాసి పంపిన వ్యాసం ఒకటి, ఆధారాలు చాలవన్న ఒక్క మాటతో తిరిగి వచ్చింది. సారు ఆ మాటను మాతో నవ్వుతూనే చెప్పారు కానీ, ఆ వారమంతా ఆయి వండింది సగం పళ్లెంలోనే వదిలేశారు.

ఆ చలికాలం ఇచ్చోడ దగ్గర ఒక పత్తి చేను గట్టున గుడారాలు వేశాం. సారు, నేను, జీపు నడిపే భాయ్, వంటకు ఒక పెద్దమ్మ. చేనులో మోటబావి ఉంది. దాని పక్కన పశువులు తాగడానికి పెద్ద రాతి గోలెం. గోలెం ఎప్పుడూ నిండుగా ఉండేది కాబట్టి రాతిపొడి కడగడానికి భాయ్ అందులోంచే బకెట్లు ముంచి తెచ్చేవాడు. కడిగిన ఇసుకను కుంపటి మీద ఆరబెట్టి, పొట్లాలు కట్టి ఆదిలాబాద్ తెచ్చుకున్నాం.

ఆ పొట్లాలలోనే అది కనిపించింది.

మిగతా గవ్వలు నున్నగా, చిక్కుడు గింజల్లా, సుద్దముక్కల్లా ఉన్నాయి. ఇది మాత్రం పొడుగ్గా, లేత తేనె రంగులో, వెనుక చివర ఒక చిన్న ముల్లుతో ఉంది. వాటి కన్నా బాగా పెద్దది కూడా. వెలుతురు దాని లోపలికి దిగి బయటికి వస్తున్నట్టుంది. నేను సారును పిలిచాను. ఆయన కన్ను పెట్టి చూసి, అలాగే ఉండిపోయారు. తర్వాత పుస్తకాలన్నీ తిరగేశారు. ఏ పుస్తకంలోనూ రాళ్లలో ఇలాంటిది దొరికినట్టు లేదు. ఇలాంటి ముల్లున్న చుట్టాలు మంచినీటిలోనే ఉంటాయి. అంటే ఇచ్చోడది చెరువేనని చెప్పడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. పైగా ఇది కొత్త రకం. కొత్త రకానికి కనిపెట్టినవాళ్లే పేరు పెడతారు.

"ఆయి పేరు పెడ్త" అన్నారు సారు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను మళ్లీ చూడలేదు.

ఆయికి ఈ సంగతి అర్థమైనంత వరకు అర్థమైంది. అప్పటినుంచి సాయంత్రం నేను ఆఫీసు నుంచి రాగానే అరుగు మీద కూర్చుని పత్తి వత్తులు చేస్తూ, బిడ్డా అనడానికి మరాఠీలో బాళా అంటూ అడిగేది. "నా పురుగు ఎట్లున్నదే బాళా? మంచిగున్నదా?"

"రాయిల ఉన్నది ఆయీ. దానికేమైతది?"

"రాయి అయినా జర భద్రం. కింద పడెయ్యకుండ్రి."

ఒకరోజు ఆ గవ్వ అంచున వెంట్రుక లాంటిది ఒకటి కనబడింది. సారుకు చూపించాను. ఆయన కిటికీ వైపు చూసి నవ్వారు. "దూదమ్మా. గీ ఊర్ల చాయ్‌ల గూడ దూదే." నిజమే, ఆ ఊళ్లో తలల మీద, పుస్తకాల మీద, పెరుగు మీద కూడా దూదే. కుంచెతో తీయబోతే అది రాలేదు. నేను అంతటితో వదిలేశాను. ఆయన సంతోషంలో నేనూ ఉన్నాను మరి.

హైదరాబాద్‌లో ఎండాకాలం ఒక సభ ఉంది. సారు వ్యాసం చదవడానికి పిలుపు వచ్చింది. ప్రొఫెసర్‌గారే అధ్యక్షులు. అక్కడ చూపించడానికి ముల్లుగవ్వలు మరికొన్ని కావాలని మళ్లీ ఇచ్చోడ పోయాం. అదే చేను, అదే బావి. పత్తి ఏరేశారు, ఎండిన కట్టె మిగిలింది.

ఆ మధ్యాహ్నం అందరూ నీడపట్టున నడుం వాల్చారు. నేను చేతులు కడుక్కుందామని గోలెం దగ్గరికి పోయాను. ఎండ నిట్టనిలువుగా నీళ్లలోకి దిగి అడుగున పాకుడు పచ్చగా మెరుస్తోంది. ఆ పచ్చదనం మీద ఏవో గింజలు కదులుతున్నాయి. ఒకటి కాదు, వందల్లో. ఒకటి పైకి లేచి సుడి తిరిగి మళ్లీ అడుగుకు జారుతోంది. చూస్తే ఆస్ట్రకాడ్లే, బతికున్నవి. చదువుకునే రోజుల్లో కరీంనగర్‌లో కుంటల వెంట తిరిగి ఇలాంటివి పట్టేవాళ్లం. చిన్ననాటి స్నేహితులు కనబడినట్టయింది. గాజు పళ్లెంలో కొంచెం నీళ్లు ముంచుకుని గుడారంలోకి పోయి, సూక్ష్మదర్శిని అద్దాన్ని ఎండకు తిప్పి కన్ను పెట్టాను.

తేనె రంగు. పొడుగాటి ఒళ్లు. వెనుక చివర ముల్లు.

అది నా కళ్ల ముందు డిప్పలు కొంచెం తెరిచి, పోగుల్లాంటి కాళ్లు బయటికి చాచింది. అంచు పొడుగునా సన్నని వెంట్రుకలు నీళ్లలో అల్లల్లాడాయి. ఒంటికన్ను, నల్లని చుక్క.

మీరు నమ్మరు కానీ మొదట నాకు కలిగింది ఆనందం. కోట్ల ఏళ్ల కిందటి చెరువు నుంచి ఇది ఒక్కటీ బతికి వచ్చిందనుకున్నాను. లావా కింద, రాయి కింద, ఎట్లాగో ఊపిరి బిగపట్టి, బావి ఊటల వెంట పైకి వచ్చి, ఈ గోలెంలో మేకలు తాగే నీళ్లలో ఈదుతోందనుకున్నాను. కలలో మనం వేటినీ ప్రశ్నించం కదా, అలా ఉంది ఆ కొద్దిసేపు. గుడారం బట్టలోంచి ఎండ పసుపుపచ్చగా దిగుతోంది. బయట ఎక్కడో మేకల మెడగంటలు. నేను దాన్ని చూస్తున్నాను. అది ఈదుతోంది.

అంతలో బయట భాయ్ గోలెంలో బకెట్ ముంచిన చప్పుడు వినిపించింది.

నేను కన్ను తీసేశాను. రాతిపొడి కడిగిన నీళ్లు ఇవే. జల్లెడలో మిగిలింది రాతిలోని గవ్వలే కాదు, నీళ్లలోని గవ్వలు కూడా. కుంపటి మీద ఆరిపోయాక రెండూ ఒకే ఇసుకలో కలిసిపోయాయి. మేం కనిపెట్టిన కొత్త రకం నిన్నమొన్న ఈ గోలెంలో పుట్టింది. ఆ దూదిపోగు దూది కాదు.

సారు ఇప్పచెట్టు కింద మడత మంచం మీద కళ్లు మూసుకుని ఉన్నారు. పక్కన సభలో చదవబోయే కాగితాలు, ఎగిరిపోకుండా వాటి మీద ఒక రాయి. నేను ఆయన ముందు నిలబడ్డాను.

"సార్, జరంత లోపలికి వచ్చి చూడండి."

"ఏం దొరికిందమ్మా?"

"మీరే చూడండి సార్."

ఆయన వచ్చి కన్ను పెట్టారు. చాలాసేపు తీయలేదు. నేను ఆయన వీపు వైపే చూస్తూ నిలబడ్డాను. చొక్కా చెమటకు తడిసి ఉంది. చివరికి తల ఎత్తకుండానే అన్నారు.

"ఎంత చక్కగున్నదమ్మా."

తర్వాత లేచి బయటికి పోయి గోలెం అంచు మీద చేతులు ఆనించి నీళ్లలోకి చూస్తూ ఉండిపోయారు. నేను సంగతి చెప్పగానే భాయ్ బకెట్ కింద పెట్టేశాడు.

"నాదే గల్తీ సార్. బాయిల కెల్లి చేదుడు తక్లీఫ్ అని గోలెంల కెల్లి తెచ్చిన. నాకు ఎర్క లేకపాయె."

"నువ్వు నీళ్లు తెమ్మంటే తెచ్చినవ్ భాయ్. నీళ్లను చూడవల్సినోన్ని నేను." ఆయన నీళ్లలో చెయ్యి పెట్టి తీశారు. వేళ్ల సందున ఒక గింజ మెరిసింది. దాన్ని మళ్లీ నీళ్లలో వదిలారు. "ఆయికి ఏం చెప్పాలె?" అన్నారు, ఎవరితోనో తెలియదు.

ఆ సాయంత్రం నేను మనసులో అనుకున్నది ఒకటి ఉంది. ఎవరికి తెలుస్తుంది? ముల్లుగవ్వ దొరికిన పొట్లం మా దగ్గరే ఉంది, హైదరాబాద్ వాళ్లకు ఇచ్చోడ గోలెం తెలియదు. ఆ మాట నోటి దాకా వచ్చింది కానీ సారే ముందు అందుకున్నారు.

"రేపు మల్ల మొదటికెల్లి కడుగుదాం. మంచిగ కాగబెట్టిన నీళ్లతోని, గుడ్డల వడగట్టి. ముల్లుది పోనీ. నున్నయి గూడ గోలెం నీళ్లయే అయితే మాత్రం మన చెరువు కూడ పోయినట్టే."

అప్పటిదాకా నాకు ఆ సంగతి తట్టలేదు. పోయేది ఒక్క పేరు కాదు. తెల్లరాయిలో అసలేమీ లేకపోతే, ప్రొఫెసర్‌గారి సముద్రం ఇచ్చోడ దాకా వచ్చి నిలబడుతుంది.

మరునాడు పెద్దమ్మ వంటపొయ్యి మాకు వదిలేసింది. భాయ్ బావిలోంచి చేది, తన కొత్త లుంగీని నాలుగు మడతలు వేసి వడగట్టి, బుడగలొచ్చి తెర్లే దాకా కాగబెట్టాడు. సారు తెల్లరాయి పొరలోకి లోతుగా పగలగొట్టి, గాలి తగలని లోపలి ముక్కలు తెచ్చారు. కడిగిన ఇసుక ఆరేదాకా ముగ్గురం కుంపటి చుట్టూ కూర్చున్నాం. నేను కన్ను పెట్టాను. నల్ల గింజలు, సున్నం పలుకులు, విరిగిన నత్తగుల్లల ముక్కలు. ఎంత వెతికినా ముల్లు లేదు. కొంతసేపటికి ఒకటి దొర్లింది, నున్నగా, చిక్కుడు గింజలా, సుద్దలా. డిప్పల నడుమ బిగిసిన రాయి. దాని పక్కన ఇంకొకటి.

"ఉన్నయి సార్."

సారు నా తల మీద ఒకసారి చెయ్యి వేసి తీశారు. భాయ్ తడిసిన లుంగీని చెట్టు మీద ఆరేసి, అక్కడే కూలబడి బీడీ ముట్టించాడు.

అవి కొత్త రకాలు కావు. నాగపూర్ వైపు రాళ్లలో ఇలాంటివి ఇదివరకే దొరికాయి. పేర్లు ఎవరో ఎప్పుడో పెట్టేశారు. కానీ మంచినీటివి.

సభ రోజున నేను చివరి వరుసలో కూర్చున్నాను. అప్పటికే అచ్చయిన కార్యక్రమ పత్రంలో సారు వ్యాసం పేరు కొత్త రకం గురించే ఉంది. ఆయన లేచి, ఆ పేరు కొట్టేసుకోమని అందరినీ కోరారు. గోలెం సంగతి మొత్తం చెప్పారు, దూదిపోగుతో సహా. హాలంతా ఘొల్లున నవ్వింది. వెనుక ఎవరో, మేకలు తాగే నీళ్లలో శాస్త్రమా అని కూడా అన్నారు. నాకు చెవులు మండిపోయాయి. సారు ఆ నవ్వు తగ్గేదాకా ఆగి, రెండు గాజు పలకలు పైకెత్తి, "ఇది గోలెంది, ఇది రాయిది, ఇక్కడ సూక్ష్మదర్శిని ఉంది, వచ్చి చూడండి" అన్నారు, అచ్చం మాకు చెప్పినంత మామూలుగా.

మొదట లేచింది ప్రొఫెసర్‌గారే. కళ్లద్దాలు తీసి, వంగి, రెండూ చూశారు. రాతిది మళ్లీ చూశారు. "ఆ లోపలి రాయి ముక్క నాకు ఒకటి పంపుతారా?" అని అడిగారు. పంపించాం. చెరువేనని ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. కాకపోతే ఆ తర్వాత రాసిన వాటిలో ఆయన సముద్రం ఇచ్చోడ దాకా రావడం మానేసింది. పెద్దవాళ్లు ఓడిపోవడం అట్లాగే ఉంటుందని నేను సర్వీసంతా చూశాను.

నేను తర్వాత కరీంనగర్ వచ్చాను, పదోన్నతులు వచ్చాయి, నా కింద పిల్లలు చేరారు. రాతిపొడి కడిగే నీటిని ముందు సూక్ష్మదర్శిని కింద చూడనిదే జల్లెడ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. నా చాదస్తానికి వాళ్లు ఏం పేరు పెట్టారో కూడా నాకు తెలుసు. పెట్టుకోనీ. గోలెం గవ్వకు మాత్రం మేం పేరు పెట్టలేదు. అది అంతకుముందే ఎవరో పేరు పెట్టిన మామూలు రకమేనని తర్వాత తేలింది.

కానీ నాకు ఆ సంవత్సరంలో బాగా గుర్తుండిపోయింది సభ కాదు. సభ నుంచి తిరిగి వచ్చిన సాయంత్రం.

ఆయి అరుగు మీదే ఉంది. సారు చెప్పులు విడిచి ఆమె పక్కన కూర్చున్నారు. నేను వాకిట్లో నిలబడ్డాను.

"పెట్టినవా నా పేరు?"

"లేదు ఆయీ. అది రాయిది కాదు. గోలెంల పురుగు. మేమే తప్పు చూసినం."

ఆయి చేతిలో వత్తి ఆగింది. ఆమె చిన్నబుచ్చుకుందని నాకు తెలుస్తూనే ఉంది. ఎంతమందికి చెప్పుకుందో కూడా నాకు తెలుసు. పక్కింటివాళ్లకు, పాలవాడికి, నాసిక్‌లో ఉన్న చెల్లెలికి.

"మరి అంతా ఉత్తదేనా? గన్ని దినాలు ఎండల పడి తిరిగితిరి."

"ఉత్తది గాదు. చెరువైతే నిజం."

"ఏం చెరువు?"

సారు చెప్పారు. ఆఫీసులో చెప్పినట్టు కాదు, పిల్లలకు కథ చెప్పినట్టు. నల్లరాయి చల్లారడం, వానలు పడడం, గుంత నిండడం, ఒడ్డున ఎన్నడూ చూడని చెట్లు, నత్తలు, అడుగున మెల్లగా దొర్లే గవ్వలు. ఆయి కళ్లకు అప్పటికే పొర కమ్మింది. ఆమె ఆ కళ్లు మూసుకుని వింటోంది. మార్కెట్ వైపు నుంచి బండ్ల చప్పుడు సద్దుమణిగింది. దూది గాలిలో మెల్లగా దిగుతోంది. వింటూ వింటూ నేనూ గడప మీద కూర్చుండిపోయాను.

"అక్కడ మనుషులు లేరారా?"

"లేరాయీ. అప్పటికి మనిషే పుట్టలే."

ఆయి కళ్లు తెరిచింది.

"నీళ్లు తియ్యగుండెనా?"

"తియ్యగుండె ఆయీ. గా గవ్వలు ఉప్పునీళ్లల్ల బతకయి."

"అట్లయితే మంచిదే," అని ఆయి మళ్లీ వత్తి చేతిలోకి తీసుకుంది. "పో, కాళ్లు కడుక్కో. చాయ్ పెడ్త."